ఆదివారపు బండి

తెల్లవారింది గాని ఎండ ఇంకా ఇళ్ళ కప్పులు దిగి వీధిలోకి రాలేదు. బుడే సాహెబ్ ఇరుసు కింద దుంగ ఆనించి, బండి కుడిచక్రాన్ని కొస దాకా లాగి, కందెన పూస్తున్నాడు. ఆముదంలో వరిగడ్డి మసి కలిపి చేసుకున్న కందెన వెదురుగొట్టంలో ఉంది. గుడ్డ చుట్టిన పుల్లను అందులో ముంచి, పైనా కిందా తడిమి తడిమి రాస్తున్నాడు.

అరవై దాటిన మనిషి. పొడుగాటి కాళ్ళు మోకాళ్ళ దగ్గర కాస్త బయటికి వంగాయి. పిక్కలు మాత్రం బిగువు సడలలేదు. ఎడమ మడమలో ఎప్పుడో తుమ్మముల్లు విరిగి లోపలే ఉండిపోయిన చోట నల్లటి కాయ కట్టింది. గడ్డానికి పెట్టిన గోరింటాకు వెలిసి, మొదళ్ళు తెల్లగా బయటపడ్డాయి. చక్రం రెండోవైపుకు జరగాలంటే దాని ఆకుకర్ర పట్టుకుని, ఒక మోకాలు తరువాత ఒక మోకాలు సర్దుకుంటూ లేస్తున్నాడు.

పొయ్యి దగ్గర జొన్నరొట్టె తడుతున్న కరీమాబీ అతన్ని చాలాసేపటి నుంచీ గమనిస్తోంది.

"ఏడాదిగా అది కిర్రోమంటా ఉంటే పట్టించుకోలేదు. ఇవాళ ఇరుసు మీద ఇంత ప్రేమేంది?"

"కొండలరావుగారు వస్తున్నాడు."

"రత్తయ్యగారి మేనల్లుడా? నందిగామాయన?"

"ఆఁ."

"ఆయన జింకను చూడటానికొస్తున్నాడా, నీ ఇరుసును చూడటానికా?"

అతను నవ్వి, పుల్లను మళ్ళీ కందెనలో ముంచాడు. ఆమె రొట్టె తిప్పింది.

"ఇవాళన్నా ముక్క తెస్తావా? మూలింటి జహనారా నిన్న అడుగుతోంది. మీ ఆయన ఆదివారం ఆదివారం బండి కట్టుకుని ఎక్కడికి పోతన్నాడు పిన్నీ, పొద్దుగూకి ఉత్త చేతుల్తో వస్తన్నాడు అని."

"నువ్వేమన్నా?"

"పెళ్ళిచూపులకు పోతన్నాడన్నా. ఒక్క పిల్లా నచ్చట్లేదంట అన్నా."

బుడే సాహెబ్ చక్రాన్ని లోపలికి తోసి శీల కొట్టాడు. చక్రం చేత్తో తిప్పి చూశాడు. చప్పుడు లేకుండా తిరిగింది. అంత నున్నగా తిరగడం అతనికి నచ్చలేదు.

వారమంతా అతని బండి అద్దెబండి. వీరులపాడు చుట్టుపక్కల ఎవరు పిలిస్తే వాళ్ళది. మిరపకాయ బస్తాలు జగ్గయ్యపేట బజారుకు వేసుకుపోతాడు. అక్కడి నుంచి సున్నం, కిరసనాయిలు డబ్బాలు, ఇనపసామాను తెస్తాడు. పెళ్ళివాళ్ళను, కాన్పుకు పోయే ఆడపిల్లలను, నందిగామ ఆసుపత్రికి పోయే రోగులను ఎక్కించుకుంటాడు. ఆదివారం మాత్రం బండి రత్తయ్యది, జింకల వేటకు. ఆదివారానికి అద్దె లేదు. వేటలో వాటా ఉండేది.

ఈ నల్లరేగడి చేలల్లో జింకలకు మనిషంటే భయం గాని బండంటే లేదు. పుట్టినప్పటి నుంచీ ఎరువు బండ్లనూ చొప్ప బండ్లనూ చూస్తూ పెరిగినవి. బండి తిన్నగా వాటి మీదికి పోకూడదు. దూరంగా చుట్టూ తిరగాలి. తిరిగిన ప్రతిసారీ కాస్త లోపలికి జరగాలి. ఎద్దులు ఒకే నడక నడవాలి, ఎక్కడా ఆగకూడదు. బాగా దగ్గరయ్యాక తుపాకి పట్టుకున్న మనిషి అవతలి వైపు నుంచి జారి గట్టు చాటున పడుకుంటాడు. బండి సాగిపోతుంది. జింకలు పోయే బండినే చూస్తూ ఉంటాయి. బండి ఒక్క క్షణం తటపటాయించినా తలలెత్తుతాయి. తల ఎత్తిన జింక ఇక దొరకదు.

తుపాకి రత్తయ్యది, పగ్గాలు బుడే సాహెబ్‌వి. తుపాకి మోగగానే పగ్గాలు వదిలి దూకి పరిగెత్తడం కూడా బుడే సాహెబ్ పనే. పడ్డ జింకకు ప్రాణం ఉండగా బిస్మిల్లా చెప్పి గొంతు మీద కత్తి పెడితేనే ఆ మాంసం సాయిబుల వీధికి పనికొస్తుంది. రత్తయ్య మొదటి వేటనాడే చెప్పాడు: "మీ వీధి తినని వేట నాకొద్దు. సగం మాది, సగం మీది." కాబట్టి ఆ పూట వీధివీధంతా అతని కాళ్ళ మీద ఆధారపడి ఉండేది. ఆలస్యమైతే పిల్లలు పచ్చడి మెతుకులతో పడుకోవాలి.

కుర్రతనంలో అతను ఆలస్యం చేసేవాడు కాదు. చెప్పులు ఎక్కడో వదిలేసి, పంచె పైకి దోపి, శనగ చేలూ జొన్నమోళ్ళూ దాటుకుంటూ పోయేవాడు. బిస్మిల్లా అతని నోటి నుంచి కేకలాగా వచ్చేది. పని అయ్యాక లేచి నిలబడి, నెత్తురు చెయ్యి పైకెత్తి బండికేసి ఊపేవాడు. పెళ్ళయిన కొత్తలో ఆ చేతులతో ఇంటికి వస్తే కరీమాబీ గుమ్మంలో నిలబడి చూసేది. కడుక్కోమనేది కాదు.

ఆ సంతోషం ఎప్పుడు తగ్గిందో అతనికి తెలియదు. ఏ ఒక్కరోజో పోలేదు. నలభై దాటాక పరుగు మీద ఇష్టం పోయి వాటా మీద మిగిలింది. ఆ తరువాత వాటా మీదా తగ్గి, ఆ చేలల్లో తిరగడం, రత్తయ్య చుట్ట వాసన, మధ్యాహ్నం చెట్టు నీడన తినే అన్నం, ఇవే మిగిలాయి.

చంపాక మిగతా మంద ఏం చేస్తుందో అతను వయసులో ఉండగా ఎన్నడూ చూడలేదు. చూసే తీరిక లేదు. ఒకసారి మోకాలు బెణికి, జింక పక్కనే కాసేపు కూర్చోవలసి వచ్చినప్పుడు చూశాడు. మంద అంతా చాలా దూరం పరిగెత్తి ఆగింది. ఆగి వెనక్కి తిరిగి నిలబడింది. ఒక ఆడలేడి మందలోంచి విడివడి ఇటుకేసి కొన్ని అడుగులు వేసింది. మెడ చాచి చూస్తోంది. వాటి లెక్కలో ఇంకా ఒకటి రావాలి.

బుడే సాహెబ్‌కు అప్పుడు అన్న చాంద్ బాషా గుర్తొచ్చాడు. నైజాం మీద పోలీసు చర్యకు ముందటేడు చాంద్ బాషా పని వెతుక్కుంటూ కోదాడ వైపు వెళ్ళాడు. జగ్గయ్యపేట దాటే దాకా బండి మీద దింపివచ్చింది తమ్ముడే. బండి వెనక్కి మళ్ళించి, ఆపి, అన్న వెనక లేచిన దుమ్ము అణిగిందాకా రోడ్డు మీద నిలబడ్డాడు. ఆ తరువాత కబురు లేదు. ఆ లేడి నిలబడ్డ తీరు తాను ఆ రోజు నిలబడ్డ తీరులాగే ఉందనిపించింది. ఇంటికి వెళ్ళి అన్నం తిన్నాడు, మాంసం కూడా తిన్నాడు. మరుసటి ఆదివారం రత్తయ్య జారే సమయానికి అతని చెయ్యి పగ్గాన్ని కొద్దిగా బిగించింది. ఎద్దులు నడక తగ్గించాయి. జింకలు తలెత్తి వెళ్ళిపోయాయి.

అప్పటి నుంచీ అంతే. ఎప్పుడైనా బండి తిన్నగా సాగినా రత్తయ్య గురి తప్పేవాడు. పెద్దాయన కళ్ళకు మసకలు కమ్ముతున్నాయని బుడే సాహెబ్ జాలిపడ్డాడు. మధ్యలో ఒక్కసారి మాత్రం, పోయినేడు, ఒక నల్ల మగజింక, ఇర్రి, పొరపాటున పడింది. ఆ రోజు ఇద్దరూ దారి పొడుగునా మాట్లాడుకోలేదు.

మానేద్దామని అతను అనలేడు. రత్తయ్య ఆదివారం కోసమే బతుకుతున్నట్టు అతని నమ్మకం. అదీగాక వేట మానేస్తే ఆదివారం ఉండదు. రత్తయ్య ఊళ్ళో పెద్ద రైతు, తను బండి తోలుకునేవాడు. పని లేకుండా పోయి ఆ అరుగు మీద పొద్దుగూకిందాకా కూర్చుంటే జనం ఏమిటని అడుగుతారు. పంచాయతీ ఎన్నికలా అంటారు, అప్పా అంటారు. తుపాకి ఉంటేనే ఇద్దరూ ఒక బండిలో కూర్చోవడానికి వీలు.

ఇప్పుడు ఆ తుపాకికే ముప్పు వచ్చింది. పోయిన ఆదివారం బండి దిగుతూ రత్తయ్య చెప్పాడు: "మావాడు తుపాకి నందిగామ తీసుకుపోతానంటన్నాడు బుడే. లైసెన్సు తన పేరు మీద మార్పించుకుంటాడంట. మామయ్య తూటాలన్నీ గాలికి పోస్తన్నాడని మా ఆవిడ చెప్పింది వాడికి. వచ్చే ఆదివారం తనే వస్తాడంట. ఆ రోజు ఒకటి పడితే సరే, లేకపోతే అదే బండిలో తుపాకి తీసుకుపోతాడంట."

అందుకే ఇరుసుకు కందెన. ఒక్క జింక పడాలి. పడితే ఆదివారాలు ఉంటాయి.

బుడే సాహెబ్ రొట్టె తిని, కత్తి నడుముకు చెక్కుకుని, ఎద్దులను కట్టాడు.

రత్తయ్య ఇంటి ముందు దుర్గాంబ అన్నం మూటలతో నిలబడి ఉంది. రత్తయ్య భార్య, ఎప్పుడూ ఎవరో ఒకరి మీద విసుక్కుంటూ ఉంటుంది.

"ఆవకాయ విడిగా కట్టా సాయిబూ. పోయినసారి పెరుగన్నంలో పొర్లించి తెచ్చావు. ఇదిగో, ఆయన్ని ఎండలో తిప్పబాక. నువ్వూ తిరగబాక. ముసలాళ్ళు ఇద్దరూ జింకల్ని కాయటానికి పోతన్నారో కొట్టడానికి పోతన్నారో ఆ దేవుడికే తెలియాలి."

"ఈసారి నేనున్నాగా అత్తయ్యా," అంటూ కొండలరావు బయటికొచ్చాడు. ముప్పై ఏళ్ళవాడు, మంచి ఒడ్డూ పొడుగూ. టెరిలిన్ ప్యాంటు మీద బూట్లు వేసుకున్నాడు. సాగర్ కాలవ కొలతలకు వచ్చిన ఆఫీసర్లకు ఆ రాత్రి నందిగామలో తన ఇంట్లో విందు పెట్టుకున్నాడు. కాలవ పనుల్లో ఒక కాంట్రాక్టు దొరుకుతుందని ఆశ. తుపాకి అప్పటికే అతని భుజాన ఉంది.

రత్తయ్య మెల్లగా మెట్లు దిగాడు. పొట్టిగా బొద్దుగా ఉంటాడు. చెవుల మీద తెల్లటి వెంట్రుకలు. బండి ఎక్కడానికి బుడే సాహెబ్ భుజం పట్టుకుని, ఎక్కాక కూడా కాసేపు వదల్లేదు.

"ఇరుసు కూయట్లేదేందిరా?" అన్నాడు.

"కందెన పెట్టానండి."

రత్తయ్య చుట్ట ముట్టించుకున్నాడు.

ఊరు దాటాక శనగ చేలు వచ్చాయి. పూత అయిపోయి గింజ పట్టే కాలం. దూరంగా బీడులో మంద కనిపించింది. ముందుగా కొండలరావే చూసి, బండిలో మోకాళ్ళ మీద లేచాడు. "మామయ్యా, అదుగో! అమ్మో, ఎన్నున్నయ్యో!" అతని గొంతు వణికింది. బుడే సాహెబ్‌కు ఆ వణుకు తెలుసు. అందులో చెడు లేదు. ఆ వయసులో అందరికీ ఉండేదే. కోపం తెచ్చుకోవడానికి ఏమన్నా దొరుకుతుందేమోనని చూశాడు గాని దొరకలేదు.

బండి చుట్టు తిరగసాగింది. కాలవ కోసం పాతిన సర్వే రాళ్ళు అక్కడక్కడా తెల్లగా ఉన్నాయి. వాటిని తప్పించుకుంటూ తోలాడు. నల్ల ఇర్రి ఒకటి మంద అంచున నిలబడి ఉంది. చుట్టూ గోధుమరంగు లేళ్ళు తలలు వంచి మేస్తున్నాయి. ఇంకో చుట్టు. ఎద్దుల గంటలు ఒకే తీరుగా మోగుతున్నాయి. కొండలరావు బూట్లు విప్పి, తుపాకి గుండెకు ఆనించుకుని, బండి పక్కకు ఒదిగాడు.

"ఇప్పుడు దిగండి," అన్నాడు బుడే సాహెబ్ లోగొంతుకతో.

కొండలరావు జారాడు. బండి సాగిపోవాలి. సాగనిద్దామనే బుడే సాహెబ్ అనుకున్నాడు. కాని ఇన్నాళ్ళుగా ఆ క్షణానికి అలవాటుపడ్డ చెయ్యి తనంతట తానే బిగిసింది. ఎద్దులు అడుగు తడబడ్డాయి. ఇర్రి తల ఎత్తింది. మరుక్షణం మంద అంతా గాలిలోకి లేచి, లేస్తూ పడుతూ వెళ్ళిపోయింది.

కొండలరావు మట్టి దులుపుకుంటూ వచ్చాడు. మొహం ఎర్రబడింది.

"బండి ఆపాడు! చూశావా మామయ్యా? కావాలనే ఆపాడు!"

"ఎవరు ఆపారు? ఎద్దు కాలు గుంటలో పడింది," అన్నాడు రత్తయ్య.

"ఏ గుంట?"

"నేల అన్నాక గుంటలుండవంట్రా? ఎండెక్కింది, ముందు అన్నం తిందాం. అవి ఎక్కడికీ పోవు, మూడుజాములకు మళ్ళీ ఇక్కడికే వస్తయ్."

తుమ్మచెట్టు నీడన బండి విడిచారు. కొండలరావు నీళ్ళ చెంబు తీసుకుని మోటబావి వైపు నడిచాడు. నడుస్తూ కూడా ఒకసారి వెనక్కి తిరిగి నేలకేసి చూశాడు.

రత్తయ్య విస్తరి విప్పుతూ అన్నాడు:

"ఏం బుడే, గుంట ఏదీ?"

"ఏ గుంటండీ?"

"నేను చెప్పిన గుంట. వాడు పోయి వెతికాడంటే ఎట్టా?"

బుడే సాహెబ్ నోట్లో ముద్ద నమలడం ఆపాడు.

"మీరు చూశారా?"

"వెనకాల కూర్చున్నోడికి కనపడదంట్రా? పగ్గం లాగినప్పుడల్లా నీ కుడిభుజం ఎగురుద్ది. ఎన్నేళ్ళుగా చూస్తన్నా."

"మరి ఎప్పుడూ అడగలేదే?"

"అడిగితే మానేస్తావని."

"లాగటమా?"

"రావటం."

బుడే సాహెబ్ ముద్ద మింగాడు. కొంచెంసేపు ఇద్దరూ తిన్నారు. ఎద్దులు చొప్ప నములుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"నేనింకా మీ కళ్ళకు మసకలొచ్చినయ్యనుకున్నానండీ," అన్నాడు బుడే సాహెబ్.

"ఎవరి కళ్ళకు?"

"గురి తప్పుతోంది గదా అని."

రత్తయ్యకు పొలమారింది. దగ్గుతూ నవ్వుతూ నెత్తి తట్టుకున్నాడు. "ఓరి నీ! నిన్న మా ఆవిడకు సూదిలో దారం ఎక్కించింది నేను. ఆకాశంలోకి కాల్చేవాడికి గురెందుకురా?"

"కావాలనా?"

"కావాలనే. అప్పుడెప్పుడో పడ్డ ఒక ఇర్రి నోరు తెరుచుకుని గాలి కోసం కొట్టుకుంది, పోయినేడు పొరపాటున పడ్డదీ అంతే. మా నాన్న పోయేప్పుడు అచ్చం అట్టాగే. చిన్నప్పటి నుంచీ ఎన్ని చూళ్ళేదూ, అప్పుడు ఏమీ అనిపించలా. మనమూ పోతామని అప్పుడెవరికి తెలుసు? ఇప్పుడు తుపాకి ఎత్తితే నా రొమ్ము మీదికే ఎత్తినట్టుంటది." చెయ్యి కడుక్కుని తువ్వాలుతో తుడుచుకున్నాడు. "పైగా నీ మోకాళ్ళు. నేను కొడితే నువ్వు పరిగెత్తాలి గదా."

"నాకు అట్టా కాదండీ. చచ్చేదాన్ని చూసి కాదు. మిగిలినయ్యి నిలబడి చూస్తయ్యి. అది తట్టుకోలేను."

రత్తయ్య తల ఊపాడు. ఆ విషయం అతను ఎప్పుడూ గమనించినట్టు లేదు.

"అయితే ఇన్నాళ్ళూ నువ్వు నా కోసం వస్తన్నావు, నేను నీ కోసం వస్తన్నా. తూటాలు మాత్రం దండగ," అన్నాడు. ఇద్దరూ నవ్వారు. బుడే సాహెబ్ అంతగా నవ్వి చాలాకాలమయింది. నవ్వు ఆగిపోగానే, మోటబావి దగ్గర చెంబు ఎత్తి నీళ్ళు తాగుతున్న కొండలరావు కనిపించాడు.

"ఏం చేద్దామండీ?"

"వాడు చెడ్డోడు కాదు బుడే. వాడికి కావాల్సింది ఒకటి. అది పడితే ఆఫీసర్లు తిని పోతారు, తుపాకి మా ఇంటి దూలానికే ఉంటది. పడకపోతే ఇవాళే ఆఖరు. మనం మునుపట్లాగే ఉందామనుకున్నా ఎట్టా కుదురుద్ది? నువ్వు వచ్చి నా అరుగు మీద కూర్చుంటావా?"

"జనం ఏమంటారు?"

"అదే." రత్తయ్య చుట్ట తీశాడు గాని ముట్టించలేదు. "నేను చెప్పను. పగ్గాలు నీ చేతిలో ఉన్నయ్యి. నువ్వు ఏది చేసినా నేను గుంటే అంటా."

మూడుజాములు దాటాక మంద మళ్ళీ బీడులోకి వచ్చింది. బండి కట్టారు. కొండలరావు ముభావంగా ఎక్కాడు. చుట్టు మొదలైంది. బుడే సాహెబ్ పగ్గాలను రెండు చేతులకూ పంచుకుని, మోచేతులు తొడల మీద ఆనించాడు. చుట్ట వాసన వెనక నుంచి వస్తోంది. వచ్చే ఆదివారం కూడా వస్తుంది, ఆ పై ఆదివారం కూడా. ఒక్క దానికి బదులుగా ఇన్ని. ఆ ఒక్కటి ఏదవుతుందో చూడకుండా ఉండాలని ఎద్దుల కొమ్ముల మధ్య చూపు నిలిపాడు.

"దిగండి."

కొండలరావు జారాడు. బుడే సాహెబ్ భుజం కదల్లేదు. గంటలు ఒకే తీరుగా మోగాయి. బండి సాగింది, సాగుతూనే ఉంది. తుపాకి మోగింది.

"పడింది! మామయ్యా, పడింది!" కొండలరావు గట్టు మీద నిలబడి గంతులు వేస్తున్నాడు. వెంటనే అతని గొంతు మారింది. "లేచింది! పోతోంది!"

అది ఆడలేడి. వెనక కాలు వేలాడుతోంది. మూడు కాళ్ళ మీద ఎగురుతూ, మంద పోయిన దారి తప్పి, పక్కనున్న కంది చేలోకి దూరింది.

"బుడే, వాణ్ణి పోనీ! నువ్వాగు!" రత్తయ్య అరిచాడు.

బుడే సాహెబ్ అప్పటికే దూకాడు. పగ్గాలు రత్తయ్య ఒళ్ళో పడ్డాయి. కొండలరావు పట్టుకోగలడు గాని కత్తి ఎవరిది? గాయపడ్డదాన్ని పొద్దుగూకే వేళ అలా వదిలేస్తే నక్కలు ప్రాణం ఉండగానే పీక్కుతింటాయి. అంతకంటే ఎక్కువ అతను ఆలోచించలేదు. చెప్పులు వదిలేశాడు, పంచె దోపాడు. మోకాళ్ళు మొదటి నాలుగడుగులూ ఎదురుతిరిగి, ఆ తరువాత ఊరుకున్నాయి. కంది మనిషెత్తున ఉంది. విరిగిన కొమ్మలనూ ఆకుల మీది నెత్తురునూ చూసుకుంటూ పోయాడు. కాయలు ఒంటికి తగిలి గలగలమంటున్నాయి. ఊపిరి అందక ఒకచోట ఆగి, మళ్ళీ పరిగెత్తాడు.

చేను అవతలి గట్టు కింద అది పడి ఉంది. లేవబోయి లేవలేకపోయింది. పక్కటెముకలు ఎగసిపడుతున్నాయి. అతను పక్కన మోకరించి, ఎడమచేత్తో దవడ పట్టుకుని మెడ చాచాడు. అది పెనుగులాడలేదు.

"బిస్మిల్లా," అన్నాడు. పడుకున్న పిల్ల పక్కన మాట్లాడినట్టు అన్నాడు. "అల్లాహు అక్బర్."

కత్తి ఆలస్యం చెయ్యలేదు.

గట్టు దగ్గరి నుంచి చూస్తే బండి కనపడటం లేదు, మధ్యలో కంది అడ్డం. బండివాళ్ళకు గుర్తు తెలియాలంటే తలగుడ్డ ఎత్తున కట్టాలి. బుడే సాహెబ్ తలకు చుట్టుకున్న గుడ్డ విప్పి, గట్టు పక్కన అన్నిటికంటే పొడుగ్గా ఉన్న కందిచెట్టు కొసకు కట్టాడు. ముడి వెయ్యడానికి చాలాసేపు పట్టింది. వేళ్ళు మాట వినలేదు. తరువాత గట్టుకు ఆనుకుని కూర్చున్నాడు.

ఛాతీ మీద ఎవరో మోకాలు పెట్టి అదుముతున్నట్టుగా ఉంది. పరుగు వల్ల అనుకున్నాడు. ఊపిరి సర్దుకుంటే పోతుంది. కత్తి గడ్డికి తుడిచాడు. తుపాకి దూలానికే ఉంటుంది. వచ్చే ఆదివారం మునేటి వైపు పోదామని చెప్పాలి. అక్కడ జింకలు ఎప్పుడూ ఉండవు. అన్నం మూట, చుట్టలు ఉంటే చాలు. తుపాకి చూపుకు బండిలో పడి ఉంటుంది.

బీడు అవతల మంద ఆగింది. తిరిగి నిలబడింది. చూడకూడదనుకున్నాడు గాని ఎదురుగా ఉంటే చూడక తప్పలేదు. ఒకటి విడివడి ఇటుకేసి నాలుగడుగులు వేసి, మెడ చాచింది.

"ఇంక రాదమ్మా," అన్నాడు బుడే సాహెబ్. "పో."

అది వెంటనే పోలేదు. అతను దాన్ని చూస్తూ కూర్చున్నాడు.

తలగుడ్డ గుర్తు పట్టుకుని బండి చేను చుట్టి వచ్చేసరికి ఎండ పసుపు రంగు తిరిగింది. కొండలరావు ముందు దిగి జింకను చూసి, "అందుకున్నాడు మామయ్యా, శాభాష్!" అన్నాడు. రత్తయ్య గట్టుకేసి చూశాడు. "బుడే," అన్నాడు. దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేస్తే బుడే తల పక్కకు వాలింది. చెయ్యి కాసేపు అలాగే ఉంచాడు. తరువాత మేనల్లుడితో, "కాళ్ళ వైపు నువ్వు పట్టు," అన్నాడు.

కొండలరావు పట్టాడు. "నా వల్లే మామయ్యా," అన్నాడు. "నీ వల్ల కాదు. పట్టు," అన్నాడు రత్తయ్య.

రత్తయ్య తనే బండి తోలుకుంటూ ఊళ్ళోకి వచ్చాడు. జీవితంలో పగ్గాలు పట్టని మనిషి. దారి ఎద్దులే చూసుకున్నాయి. సాయిబుల వీధిలో బండి ఆగేసరికి ఇళ్ళలోంచి జనం వచ్చారు. కరీమాబీ గుమ్మంలో నిలబడి ఉంది. ఎవరూ ఏమీ చెప్పకముందే ఆమె బండి పక్కకు వచ్చి, భర్త చేతులు చూసింది. నెత్తురు ఆరిపోయి ఉంది.

ఆ చేతిని పట్టుకునే ఆమె రత్తయ్యను అడిగింది.

"ప్రాణం ఉండగానే అందుకున్నాడా, అయ్యగారూ?"

"అందుకున్నాడమ్మా."

"అయితే పంచండి. వీధిలో అందరికీ పంచండి."

మరునాడు పొద్దున బుడే సాహెబ్‌ను మోసుకుని జనాజా వెళ్ళింది. రత్తయ్య వెనకాల నడిచి, కబరస్తాన్ గోడ దగ్గర నిలబడిపోయాడు. మధ్యాహ్నం తుపాకి దూలం మీది నుంచి దించి, మేనల్లుడికి ఇచ్చాడు. కొండలరావు వద్దన్నాడు. తీసుకుపొమ్మని గుమ్మంలో పెట్టి లోపలికి వెళ్ళాడు.

నెల తరువాత కంది కోతకు వచ్చింది. కోతకు దిగిన ఆడవాళ్ళు గట్టు దాకా కోసుకుంటూ వచ్చి, అక్కడ ఆగి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఆ ఒక్క చెట్టునూ వదిలేసి చుట్టూ కోశారు. ఖాళీ అయిన ఆ నల్లటి చేలో ఒంటరి కందికంప, దాని కొసన చేతులు మాట విననప్పుడు వేసిన వంకర ముడి, ఆ ముడిలో ఎండకు వెలిసిన తలగుడ్డ.